ఉసిళ్లు లేచే వేళకు

తొలకరి పడ్డ రాత్రి మా నస్పూర్ కాలనీలో వీధి దీపం కింద నిలబడితే నెత్తి మీద, భుజాల మీద ఉసిళ్లు రాలుతుంటాయి. ఇళ్లలో లైట్లు ఆర్పేసి, వాకిట్లో తాంబాళంలో నీళ్లు పోసి మధ్యలో దీపం పెడతారు. తెల్లారేసరికి గడప ముందర రెక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. చీపురు పట్టుకుని ఊడుస్తూ ఆడవాళ్లు విసుక్కుంటారు. సరిగ్గా ఆ పొద్దున్నే గోదావరి ఒడ్డుకు వెళ్లి చూడండి. నీళ్ల మీద పడ్డ ఉసిళ్ల కోసం పరకలు, చిన్నా చితకా చేపలు టపటపా పైకి లేస్తుంటాయి. రేవు మొత్తం చినుకులు పడుతున్నట్టే కనిపిస్తుంది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అలాంటి ఒక పొద్దున మా బాపు వెంట రేవుకు పోయాను. బాపు శ్రీరాంపూర్ గనిలో కోల్‌ఫిల్లర్. ఆ రోజు ప్లే డే, పనికి పోనక్కర్లేదు. ఎర్ర గుచ్చి గాలం వేసి గంటసేపు కూర్చున్నాం. బెండు కదలలేదు. చుట్టూ చేపలు ఎగురుతూనే ఉన్నాయి.

"బాపు, గిన్ని చాపలు ఎగురుతున్నయి గదా, మన గాలమెందుకు ముడ్తలేవు?" అన్నాను.

"అవి మీద తింటున్నయి బిడ్డా. మన ఎర్ర కిందున్నది" అన్నాడు.

ఆ ఒక్క మాటను పట్టుకుని ప్రపంచంలో ఒక పెద్ద విద్యే నడుస్తోందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. నేను ఈగ గాలం అంటాను. మామూలు గాలానికి ఎర్ర, బెండు, గుండు ఉంటాయి. గుండు బరువుతో దారం దూరంగా పడుతుంది. ఈగ గాలానికి గుండు ఉండదు. ఇనుప ముల్లుకు ఉన్ని, ఈకలు చుట్టి పురుగులా కనబడేట్టు చేస్తారు. అంత తేలిక వస్తువును విసిరితే పోదు కాబట్టి దారానికే కొంత బరువుంటుంది. చెర్నకోల ఝళిపించినట్టు దారాన్ని వెనక్కి, ముందుకి ఆడించి నీళ్ల మీద పరుస్తారు. పురుగు గాలికి వచ్చి వాలినట్టు చివరన ఈకల గాలం మెల్లగా వాలుతుంది. మీద తినే చేపకు మీదనే మేత పెట్టడమన్నమాట.

దానికి కావలసిన సరంజామా కొనాలంటే మాత్రం వేలకు వేలు. కర్రకు ఒక ధర, చక్రానికి ఒక ధర, ఆ లావుపాటి దారానికి మళ్లీ ఒక ధర. పిసరంత ఈకల గాలానికి కూడా ఒక్కోదానికి లెక్క కడతారు. రిటైరైన కొత్తలో నేను ఆశపడి పట్నంలో ఒక దుకాణంలో సెట్టు కొన్నాను. రెండోసారి రేవుకు తీసుకుపోయిన రోజే కర్ర కొన ఫట్‌మని విరిగింది. బాగుచేసే దిక్కు లేకపోయింది. నెల పింఛనులో పెద్ద ముక్కే పోయింది. మా బాపు కర్ర గుర్తొచ్చింది ఆ బాధలోనే. ముప్పై ఏళ్లు సింగరేణి వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసినవాణ్ని, చేత్తో చేసుకోలేనా అనిపించింది. అప్పటి నుంచి నేర్చుకున్నదే ఈ పూట మీకు చెబుతున్నాను.

మొదట ఒక పాత సంగతి. దాదాపు 1800 ఏళ్ల కిందట ఏలియన్ అనే రోమను రచయిత మాసిడోనియా దేశపు జాలర్ల గురించి రాశాడు. వాళ్లు గాలానికి ఎర్రరంగు ఉన్ని చుట్టి, దానికి కోడిపుంజు ఈకలు రెండు కట్టి, నీటి మీది ఈగల్లా ఆడించి చేపలు పట్టేవాళ్లట. కర్ర ఆరడుగులు, దారమూ ఆరడుగులే. చక్రం ఊసే లేదు. జపాను కొండవాగుల్లో ఇప్పటికీ ఆడే తెన్‌కారా అనే పద్ధతి కూడా ఇదే. పొడుగాటి కర్ర, దాని కొనకు కట్టిన దారం, దారం చివర ఈకల గాలం. అంతకు మించి ఏమీ ఉండదు. మొదట వెదురుతోనే చేసుకునేవాళ్లు. ఇప్పుడు అదే కర్రను కార్బన్ నారతో చేసి ఖరీదు కట్టి అమ్ముతున్నారు. మా బాపు చేతిలోని గాలపు కట్టెకూ, జపాను వేటగాడి కర్రకూ తేడా చివరన కట్టిన ఆ ఈకలే.

కాబట్టి కర్ర దగ్గర మొదలుపెడదాం. వెదురు మన ఆదిలాబాదు అడవుల సొత్తు. కాగజ్‌నగర్‌లో సిర్పూరు కాగితపు మిల్లు పెట్టిందే ఈ వెదురును చూసుకుని. అయితే అడవిలోకి పోయి నరుక్కురమ్మని నేను చెప్పను, అది నేరం. మేదరివాళ్ల దగ్గర కొనండి. బుట్టలకు వాళ్లు డొల్ల వెదురు చూస్తారు. మనకు లోపల గుల్ల తక్కువగా, గట్టిగా ఉండే సన్న వెదురు కావాలి. దాన్నే కొందరు మగ వెదురు అంటారు. పది పదకొండు అడుగుల పొడవు, మొదట్లో బొటనవేలంత, కొనకు పెన్సిలు కన్నా సన్నం ఉండాలి. ఎప్పుడు నరికిన వెదురో అడగండి. చలికాలంలో నరికినది మేలు. వెదురులో పిండిపదార్థం ఉంటుంది. పుప్పి పురుగుకు అదే తిండి. మేదరివాళ్లు వెదురును నీళ్లలో నానబెట్టడం వెనక ఉన్న శాస్త్రం కూడా అదే. ఆ పిండి నీళ్లలోకి దిగిపోతుంది.

తెచ్చిన కర్రను ఎండలో పెట్టకండి, పగులుతుంది. నీడన రెండు మూడు నెలలు పడుకోబెట్టాలి. తర్వాత వంకర ఉన్న చోట మంట సెగకు చూపించి, వేడిగా ఉన్నప్పుడే మోకాలికి ఆనించి నెమ్మదిగా సరిచేయాలి. సెగ తగిలితే వెదురు మైనంలా చెప్పినట్టు వింటుంది. చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. ఇక్కడ తొందరపడితే కణుపు దగ్గర విరుగుతుంది. నేను నాలుగు కర్రలు విరిచాకే చెయ్యి కుదిరింది. కణుపులను గరుకు కాగితంతో నున్నగా రుద్ది, అవిసె నూనె రెండు మూడు పూతలు పూసి ఆరబెట్టాలి. కొనకు గట్టి నూలుదారంతో చిన్న ఉచ్చు కట్టి, దాని మొదలు దగ్గర గోళ్లరంగు పూస్తే జారదు. కొన్న కర్ర విరిగిన రోజు నేను పడ్డ బాధ ఇక్కడ ఉండదు. ఇది విరిగితే ఇంకోటి చేసుకుంటాం.

తర్వాత దారం. లావుగా మొదలై కొనకు పోయేకొద్దీ సన్నబడాలి, అప్పుడే చెర్నకోలలా పరుచుకుంటుంది. ఇది దుకాణంలో కొంటే మహా ఖరీదు, ఇంట్లో చేసుకుంటే ఒక సాయంత్రం పని. మన ఊళ్లలో జనుము నారతో తొడ మీద తాళ్లు పేనిన చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. టైలర్లు వాడే నైలాను దారం తీసుకోండి. మూడేసి పోగులుగా రెండు పాయలు చేసి, రెండింటినీ విడివిడిగా ఒకే వైపుకు మెలిపెట్టి, కలిపి వదిలితే వాటంతట అవే ఎదురు మెలిక పడి ఒక్కటవుతాయి. కొన్ని అడుగులు ఆరు పోగులతో, ఆ తర్వాత నాలుగు, చివరికి రెండు. మొత్తం పొడవు కర్రంత ఉంటే చాలు. కొవ్వొత్తి ముక్కతో రుద్దితే నీళ్లు పీల్చదు. దీని కొనకు మూరెడు సన్న తంగీసు, అంటే గాలాలకు వాడే ఒంటిపోగు నైలాను తీగ, కట్టి, దానికి ఈకల గాలం కట్టాలి. చేప కంటికి మెలిదారం కనబడుతుంది, తంగీసు కనబడదు.

ఇక ఈకల గాలం. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, కాస్త ఓపికగా వినండి.

పండుగకో, సుట్టాలొచ్చినప్పుడో నాటుకోడి పుంజును కోస్తే ఈకలు ఎక్కడ పడేస్తాం? చెత్తకుండీలో. మెడ మీది ఈకలు దాచిపెట్టండి. సన్నగా, నిగనిగలాడుతూ, అంచులు బిరుసుగా ఉంటాయి. అవే కావాలి. బాయిలర్ కోడి తెల్ల ఈకలు మెత్తన, నీళ్లు తాగి ముద్దవుతాయి. కుంకుడుకాయ నురగలో కడిగి, నీడన ఆరబెట్టి, వేపాకు వేసి కాగితపు పొట్లంలో పెడితే పురుగు పట్టదు. ఒక్క పుంజు మెడ ఈకలతో వందకు పైగా గాలాలు కట్టొచ్చు.

ఈకల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అడవికోడి మెడ ఈకలకు విదేశాల్లో ఒకప్పుడు గొప్ప గిరాకీ ఉండేది. మన దక్షిణాది బూడిదరంగు అడవికోడి మెడ మీద మైనపు చుక్కల్లాంటి మచ్చలుంటాయి. వాటి కోసం వేలాది పక్షులను చంపి ఈకలు ఓడల్లో పంపారు. మన దేశం ఆ ఎగుమతిని ఆపేసింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక వేట కూడా నేరమైంది. ఎర్ర అడవికోడి, బూడిదరంగు అడవికోడి రెండూ ఎదురుపడే సరిహద్దు సుమారుగా మన గోదావరి ప్రాంతమే. ఆ పక్షులు అడవిలోనే ఉండాలి. మన పెరటి పుంజు మనకు సరిపోతుంది.

పురుగు ఒంటికి ఉన్ని కావాలి. పాత గొంగడి ఉంటే అంచు నుంచి ఒక పోగు లాగండి. మన నల్ల గొర్రెల ఉన్ని బిరుసు. స్వెట్టర్లకు పనికిరాదని పక్కన పెట్టే ఆ బిరుసుతనమే ఇక్కడ మేలు. పురుగు ఒంటి మీది నూగులా నిలబడుతుంది.

గాలాన్ని పట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక పనిముట్టు అమ్ముతారు. కటింగ్ ప్లేయర్ నోట్లో గాలం పెట్టి, పిడులకు సైకిలు ట్యూబు ముక్క బిగించి చుట్టండి, అదే ఆ పనిముట్టు. గాలం మెడ నుంచి తోక దాకా సన్న నల్లదారం చుట్టాలి. దారానికి ఉన్ని పోగు మెలిపెట్టి వెనక్కి తోక నుంచి మెడ దాకా చుట్టుకు రావాలి. మెడ దగ్గర ఈక మొదలును కట్టి, ఈకను రెండు మూడు చుట్లు తిప్పితే దాని నూగు చక్రంలా విచ్చుకుంటుంది. దారం ముడివేసి, ముడి మీద ఒక చుక్క గోళ్లరంగు. మధ్యలో చెయ్యి తీయాల్సి వస్తే దారానికి బట్టల క్లిప్పు తగిలించి వేలాడదీయండి, విప్పుకోదు. ఇంత సామాను నా దగ్గర ఒక పాత స్వీటు డబ్బాలో ఇమిడిపోయింది.

ఉసిళ్ల గాలానికి గోధుమరంగు ఉన్ని, దాని కింద పాత హవాయి చెప్పు నుంచి కోసిన సన్నటి పొర పెడితే తేలుతుంది. వీపు మీద ఒంటికన్నా పొడుగ్గా లేతరంగు ఈకలు రెండు పరిచి కడతాను. ఉసిల్ల రెక్క దాని ఒంటిని దాటిపోయి ఉంటుంది, గమనించారా? చేప అది గమనిస్తుంది.

చెప్పు మాటెత్తాను కదా, కొర్రమట్ట సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్ర చేప అది. గాలి పీల్చడానికి మీదికి వస్తుంది, తామరాకుల నడుమ, గుర్రపుడెక్క సందుల్లో మాటేసి కప్పలను పడుతుంది. బతికున్న కప్పను గాలానికి గుచ్చే అలవాటు మన దగ్గర పాతది. నాకు అది మనసొప్పదు. అరిగిన హవాయి చెప్పు మడమ ముక్కను బొటనవేలంత కప్ప ఆకారంలో కోసి, పొట్ట కింద గాటు పెట్టి గాలం కాడ దూర్చి, పంక్చరు దుకాణంలో వాడే సొల్యూషన్‌తో అతికించండి. సైకిలు ట్యూబు నుంచి సన్నగా కోసిన రెండు పట్టీలు కాళ్లు. గాలం ముల్లు వీపు వైపుకు, చెప్పు ముక్కకు ఆనుకుని ఉంటే ఆకుల్లో చిక్కదు. దీన్ని విసరనక్కర్లేదు. మోటు కర్రకు లావు తంగీసు కట్టి ఆకుల సందున టప్‌టప్‌మని ఆడించాలి. కొర్రమట్ట మింగినప్పుడు నీళ్లు పేలినట్టు శబ్దం వస్తుంది. వెంటనే లాగకూడదు, రెండు అంకెలు లెక్కపెట్టి లాగాలి.

ఒక్క సమయంలో మాత్రం కొర్రమట్టను వదిలేయండి. వానల్లో నీటి మీద ఎర్రటి పిల్లలు గుంపుగా బుసబుసమంటూ కనిపిస్తాయి. వాటి కిందనే తల్లీతండ్రీ కాపలా తిరుగుతుంటాయి. అప్పుడు పిల్లల దగ్గరికి ఏది వచ్చినా కోపంతో కొరుకుతాయి. అందుకే పట్టడం చాలా తేలిక. కానీ పెద్ద చేపను పట్టుకుపోతే మిగతా చేపలు ఆ పిల్లల్ని మేసేస్తాయి. ఒక్క పూట కూర కోసం అన్ని వందల కొర్రమట్టలను పోగొట్టుకోవడం నాకు చూడబుద్ధి కాదు. మా బాపు అటువంటి గుంపు కనిపిస్తే కట్టె ఎత్తుకుని అవతలి రేవుకు నడిచేవాడు.

గాలం ముల్లు ఇంట్లో చేసుకోవచ్చా అని నన్ను చాలామంది అడుగుతారు. చేయొచ్చు. 1496లో ఇంగ్లాండులో అచ్చైన మొట్టమొదటి గాలాల పుస్తకంలోనే సూదిని కాల్చి వంచే పద్ధతి ఉంది. నేనూ చేసి చూశాను. సూదిని ఎర్రగా కాల్చి బూడిదలో చల్లార్చితే మెత్తబడుతుంది. ఆకురాయితో ముల్లు తీసి, వంచి, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచితే గాజులా పెళుసవుతుంది. ఆ పెళుసు పోవడానికి మళ్లీ సన్నని సెగన నీలం రంగు తిరిగేదాకా ఉంచాలి. ఫిట్టరు చేతికే ఇరవైలో మూడు నిలిచాయి. మిగతావి చేప నోట్లో విరిగితే దాని బాధ దానిది. కాబట్టి ముళ్లు, తంగీసు కొనుక్కోండి, అవి చవకే. కొన్న ముల్లుకు లోపల ఉండే ఎదురుముల్లును ప్లేయర్‌తో నొక్కేయండి. పిల్లల వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది, చిన్న చేపను వదిలేయాలన్నా దాని నోరు చిరగదు.

ఇంట్లో ఎన్నటికీ చేయకూడనిది సీసపు గుండు. ఒకప్పుడు క్యాప్‌ల్యాంపు బ్యాటరీల్లో సీసం ఉండేది. పాత బ్యాటరీల సీసాన్ని పొయ్యి మీద కరిగించి గుండ్లు పోసేవాళ్లను నేను చూశాను. ఆ పొగ పిల్లల మెదడుకు విషం. నీళ్లలో పడ్డ సీసపు గుండ్లను గులకరాళ్లనుకుని మింగి హంసలు చచ్చిపోతున్నాయని బ్రిటనులో 1987 నుంచి చిన్న సీసపు గుండ్లను నిషేధించారు. మామూలు గాలం వేసేవాళ్లు తుప్పుపట్టిన ఇనుప నట్టు కట్టుకోండి. బెండు కోసం జొన్న బెండు ముక్కకు కరిగిన కొవ్వొత్తి మైనం పూయండి, పూటంతా తేలుతుంది. తెగిన తంగీసు ముక్కలను రేవులో పారేయకుండా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి. అవి కొంగల కాళ్లకు చుట్టుకుని కోసేస్తాయి.

తోటాలు పేల్చి, మందు కలిపి చేపలు పట్టడం చట్టరీత్యా నేరం. బొగ్గు గనుల ఊళ్లో పుట్టినవాళ్లకు తోటా ఏం చేయగలదో ఒకరు చెప్పనక్కర్లేదు. చెరువుల్లో మత్స్య సహకార సంఘాలు పిల్లలు పోసి పెంచుకుంటున్నాయి. అక్కడ గాలం వేయాలంటే ముదిరాజు, గంగపుత్ర సోదరులను అడిగి వేయండి. అడిగితే కాదనరు, పైగా ఏ మూలన చేప ఆడుతోందో కూడా చెబుతారు.

గోదావరి దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. మనకు ఎగువన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉంది. 20 టీఎంసీల నీళ్లు, 62 గేట్లు. గేట్లు ఎత్తితే మోకాలి లోతు రేవు చూస్తుండగానే మారిపోతుంది. 2022 జూలైలో మంచిర్యాల వీధుల్లోకి నీళ్లు వచ్చింది ఎవరూ మరిచిపోలేదు. సైరను వింటే గాలం అక్కడే వదిలేసి ఒడ్డు ఎక్కండి. పదకొండు అడుగుల తడి కర్రతో ఉరుములప్పుడు నిలబడొద్దు. కరెంటు తీగల కింద దారం ఝళిపించొద్దు.

మొన్న సాయంత్రం మబ్బు పట్టింది. మా మనవరాలు నా స్వీటు డబ్బా ముందేసుకుని కూర్చుని అడిగింది, "తాతా, ఉసిల్లకు రెక్కలు రెండా, నాలుగా?"

నాలుగని చెప్పాను. నాలుగూ ఒకే పొడవుంటాయని కూడా చెప్పాను.

"మరి నువ్వు రెండే కడ్తున్నవేంది?"

ఇన్నేళ్లుగా రెండే కడుతున్నాను. రెండు చాలని ఎవరు చెప్పారో గుర్తులేదు. ఆ పిల్ల ఓపికగా కూర్చుని, లేత ఈకలు నాలుగు ఏరుకుని, నాలుగు రెక్కలతో ఒక గాలం కట్టింది. దారం కాస్త లావెక్కింది కానీ రెక్కలు చక్కగా విచ్చుకున్నాయి. నాది, తనది రెండూ పక్కపక్కన కిటికీ చెక్కకు గుచ్చి పెట్టాం. మిరుగం వాన పడ్డ మర్నాడు పొద్దున రెండూ తీసుకుని గోదావరికి పోతాం.